గంజి పెట్టిన ఈగలు

నాలుగు రేకు డబ్బాల్లో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, బల్ల కాళ్లను మళ్లీ వాటిలో నిలబెట్టాడు నరసప్ప. బల్లను ఒక మూల ఎత్తి, మోకాలితో ఆపి, డబ్బాను కాలి బొటనవేలితో లోపలికి తోయాలి. చీమ బల్ల ఎక్కిందంటే పెట్టెల్లోకి పోతుంది. పెట్టెల్లోకి పోయిందంటే ఈగల్ని ఎత్తుకుపోతుంది. ఇరవై రెండేళ్లుగా పనికి వచ్చిన ప్రతి పొద్దునా చేసే మొదటి పని అదే. ఇవాళ ఆ పని రెండుసార్లు చేశాడు. ఒకసారి చేసి, సరిగా చేశానో లేదో అని మళ్లీ చేశాడు.

ఆదోనిలో ఒక కాలేజీ వెనకవైపు, మేడ మీద జంతుశాస్త్రం ల్యాబును ఆనుకుని ఉన్న చిన్న గది అది. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక భూతద్దాల యంత్రం, బల్ల మీద గోడకు ఆనించి ఏడు చెక్కపెట్టెలు. నెలాఖరుకు గది ఖాళీ చేసి ఇమ్మని ప్రిన్సిపాలు రెండుసార్లు కాగితం పంపాడు. కంప్యూటర్లు పెడతారట. అందుకే కలకత్తాలో పెద్ద మ్యూజియం నుంచి సుకన్య అనే మేడం వస్తోంది. పది గంటలకు వచ్చి, పెట్టెలు చూసి, సాయంత్రం నాలుగున్నర రైలుకు వాటిని తీసుకుపోతుంది.

నరసప్పకు యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. మెడ కింద వీపు కొంచెం వంగి ఉంటుంది, గుంతమగ్గం మీద కూర్చుని పెరిగిన వీపు అది. కుడికాలి వేళ్లు ఎడంఎడంగా విచ్చుకుని ఉంటాయి, మగ్గం కింద చెక్కలు తొక్కితొక్కి. మొహంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. చేతులు మాత్రం అతని వయసువి కావు. నునుపైన పొడుగాటి వేళ్లు, గోళ్లు ఎప్పుడూ కత్తిరించి ఉంటాయి. ఎమ్మిగనూరు నుంచి తొలి బస్సులో రోజూ వస్తుంటే కండక్టరు ఎగతాళి చేస్తుంటాడు, వాపసు వచ్చేటప్పుడు ఈగలకు అర టికెట్టు కొట్టాల్నా అని. నరసప్ప నవ్వి ఊరుకుంటాడు. ఊళ్లో కూడా అతనికి ఈగల నరసప్ప అనే పేరు. భార్య తిప్పమ్మ కోపమొచ్చినప్పుడు అదే పేరుతో పిలుస్తుంది.

ఇవి ఇంట్లో వాలే ఈగలు కావు. పత్తిచేలో ఆకుల కింద గాలిలో కదలకుండా నిలబడే పెద్దతల ఈగలు. నువ్వుగింజంత ఒళ్లు, తలంతా కళ్లే. పత్తి ఆకు రసం పీల్చే పచ్చదోమను పట్టుకుని, దాని పొట్టలో ఒక గుడ్డు పెట్టి వదిలేస్తాయి. లోపల పిల్ల పెరిగి దోమను తినేసి బయటికొస్తుంది. రైతుకు మేలు చేసే ఈగ. కానీ ఏ రైతుకూ దాని సంగతి తెలీదు. రఘునాథ్ సార్‌కు తెలుసు. ఈ కాలేజీలోనే పాఠం చెప్పి తొమ్మిదేళ్ల కింద రిటైరైన సార్, బతుకంతా ఈ ఒక్క ఈగల గుంపు మీదే పెట్టాడు. రెక్కలో గీతలు చూసి, కాళ్ల రంగు చూసి, మొగదాని తోక చివర కొక్కేలు చూసి ఒక్కో జాతినీ వేరు చేశాడు. ఆరు పెట్టెల్లో ఉన్నవాటికి పుస్తకాల్లో పేర్లున్నాయి. ఏడో పెట్టెలో దానికి లేదు.

రెండేళ్ల కింద మాధవరం చేలల్లో దొరికింది అది. మోకాళ్లు పసుపు, రెక్క అంచున పొగచూరినట్టు చిన్న మచ్చ. ఏడు దొరికాయి, అందులో మూడు మొగవి. సార్ నెలరోజులు కూర్చుని బొమ్మలు గీశాడు. ఇది లోకంలో ఎవరూ పేరు పెట్టని ఈగ అన్నాడు. ఆ తర్వాత పోయిన ఏడాది సార్‌కు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. పది రోజులుగా తిండి కూడా సరిగా లోపలికి పోవడం లేదు. బొమ్మలు చూసి ఎవరూ పేరివ్వరు, ఈగ ఉండాలి, అందులోనూ మొగది ఉండాలి. అది మేడం చేతిలో పడేదాకా తను ఉంటే చాలని సార్ అనుకుంటున్నట్టు ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఎండాకాలం నుంచి ఈ గదికి కాలేజీవాళ్లు వేరే తాళం వేశారు. దసరా అయ్యాక, మేడం ఉత్తరం చూపిస్తే గాని తీయలేదు. సోమవారం నుంచి రోజుకు రెండు పెట్టెలు తీసి దుమ్ము దులిపి, కర్పూరపు ఉండలు మార్చాడు నరసప్ప. అన్నీ బాగున్నాయి. ఏడోది ఆఖరుకు పెట్టుకున్నాడు. మంచి చీరను వేరేగా మడిచి గుడ్డలో చుట్టిపెట్టే అలవాటు కొద్దీ, ఆ పెట్టెను ఉతికిన పంచెముక్కలో చుట్టి ఉంచాడు.

ఇప్పుడు ఆ గుడ్డ విప్పి మూత తీశాడు.

ఏడు సూదులు నిలబడి ఉన్నాయి. ఏడు సూదులకూ ఏడు చిన్న మూడుమూలల కాగితాలు. కాగితం కొసన ఈగ ఉండాలి. లేదు. ఏ కొసనా లేదు. సూదుల అడుగున గోధుమరంగు పొడి, అందులో రెండు మూడు రెక్కలు, ఎండిన ఈగల్ని తినే వెంట్రుకల పురుగు వదిలేసిన పొట్టు.

నరసప్ప మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.

అతనికి ఒక్క క్షణంలోనే తెలిసిపోయింది. గంజి. సార్ బయటి ఊరి నుంచి తెప్పించే జిగురు ఆ ఏడాది అయిపోయింది. ఆదోనిలో దొరికిన జిగురు ఆరేసరికి పెళుసుబారి ఈగ రాలిపోతోంది. అప్పుడు నరసప్ప ఇంట్లో మగ్గం పడుగుకు పెట్టినట్టే జొన్నగంజి కాచి, వడగట్టి, సూదిమొనతో ఒక చుక్క పెట్టి అతికించాడు. ఎంత శుభ్రంగా అతుక్కున్నాయో. పడుగుకు పెట్టే గంజిలో అయితే మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. సార్ ఒకప్పుడు ఈగకు రాగి తగలకూడదు, పచ్చగా చిలుము పడుతుందని చెప్పిన మాట గుర్తుండి, రాగి ఉండే ఆ తుత్తం మాత్రం కలపలేదు. సార్‌కు చెప్పలేదు కూడా. గంజి పెట్టానంటే సార్ ఏమంటాడోనని.

చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. మగ్గం కాడికి కొనేవాళ్లు వస్తున్నారంటే ముందు కింద పడిన నూలుదుమ్ము ఊడ్చేవాడు వాళ్ల నాయన. అట్లాగే నరసప్ప కుంచె తీసుకుని పెట్టెలో పొడినంతా ఒక మూలకు తోసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఊదేశాడు. తడిగుడ్డతో తుడిచాడు. రెండు నిమిషాల్లో పెట్టె అద్దంలా అయింది. ఆ తర్వాత వల, గాజుగొట్టాలు, చేతి భూతద్దం సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ యేసేపుకు తాళంచెవి ఇచ్చి, మేడం వస్తే ఆరు పెట్టెలు చూపించమని, తను మధ్యాహ్నం మూడింటి లోపల వస్తానని చెప్పాడు. యాడికప్పా అంత బిరబిరా అని యేసేపు అడుగుతుంటే వినిపించుకోకుండా బస్టాండు దిక్కు నడిచాడు.

మాధవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతుల్ని చూసే సార్ అతన్ని పనిలోకి తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ల కింద సార్ ఎమ్మిగనూరుకు దుప్పట్లు కొనడానికి వచ్చి, గుంతలో కూర్చుని తెగిన పడుగు పోగుల్ని అతుకుతున్న నరసప్పను చాలాసేపు చూశాడు. చూపుకు ఆనని పోగులు, ముడి వేసింది కూడా కనబడని ముడి. ఆఖరుకు, ఈగ కాలు విరక్కుండా పట్టుకోగలవా అని అడిగాడు. నరసప్పకు అప్పటికి మగ్గం సాగక ఏడాది అవుతోంది. పట్టుకుంటా సార్ అన్నాడు. ఆ రోజు నుంచి ఈ లోకంలో అతని చెయ్యి పడకుండా సార్ చూసిన ఈగ లేదు. ఏడో తరగతితో చదువాపిన మనిషి రెక్క చూసి జాతి చెప్పేవాడు. కాలేజీలో పెద్ద చదువుల పిల్లలు కూడా ముందు అతన్నడిగి తర్వాత సార్ దగ్గరికి పోయేవాళ్లు. ఇన్నేళ్లలో అతను ఒక్క ఈగ కాలు కూడా విరవలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు గాని, పొద్దుపోయి ఇంటికి పోతూ అప్పుడప్పుడు అనుకునేవాడు.

ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు.

మాధవరంలో దిగి, తుంగభద్ర దిక్కు కిలోమీటరు నడిచి ఆ చేలోకి పోయాడు. చేలో అడుగు పెట్టగానే వాసన తగిలింది. ముక్కు మండే మందు వాసన. ఆకుల కింద ఒక్క పచ్చదోమ లేదు. దోమ లేనిచోట ఈగ ఎందుకుంటుంది? అయినా వంగి ఒక సాలు మొదటి నుంచి చివరికి పోయాడు. మళ్లీ ఇంకో సాలు. పత్తి ఏరుతున్న ఒకామె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి అతన్ని చూసింది. ఆమె పేరు రంగమ్మ, ఆ చేలోనే కూలి చేస్తుంది, రెండేళ్ల కింద కూడా ఇతన్ని వలతో చూసింది.

“ఏం పోగొట్టుకున్నావన్నా?”

“ఈగ.”

“మా ఇంటికాడికి రా, గంపెడు ఉండాయి. పట్టుకపోతే మా అత్త నీకు అన్నం గూడా పెడతాది.”

నరసప్ప నవ్వలేదు. వల కిందపెట్టి గట్టు మీద కూర్చున్నాడు. అతని మొహం చూసి ఆమె కూడా నవ్వు ఆపేసింది. మందు కొట్టి మూడు దినాలైందని చెప్పింది. కాసేపు ఏదో ఆలోచించి, బాయి దగ్గర తన కూరకోసం నాలుగు బెండచెట్లు వేసుకున్నానని, వాటికి మాత్రం మందు పడనీయలేదని చెప్పింది. “తినేవి గదన్నా, కొట్టనీలే.”

బెండాకు అడుగున పచ్చదోమలు పక్కకు పక్కకు పరిగెత్తుతున్నాయి. నరసప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎండ నడినెత్తిన ఉంది. గాలి ఆగినప్పుడు ఆకుల మధ్య చూపు నిలపాలి, ఈగను కాదు, ఈగ నిలబడే చోటును చూడాలి. గంట గడిచింది. రెండు దొరికాయి, రెండూ మామూలువి. ఇంకో అరగంట. కళ్లలోకి చెమట దిగి మండుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. అప్పుడు ఒక ఆకు కింద, వేలెడు దూరంలో, గాలికి అంటించినట్టు ఒకటి నిలబడింది. వల విసరలేదు. గాజుగొట్టాన్ని కింద నుంచి నెమ్మదిగా, పోగును కన్నంలోకి ఎక్కించినట్టు పైకి తెచ్చి, రెండో చేత్తో దూది మూశాడు.

భూతద్దం పెట్టి చూశాడు. మోకాళ్లు పసుపు. రెక్క అంచున మచ్చ.

“సామీ” అన్నాడు పైకే.

గొట్టాన్ని తిప్పి తోక చూశాడు. తోక చివర సన్నటి సూది, పొట్ట కిందికి వంగి ఉంది. దోమ పొట్టలో గుడ్డు పెట్టే సూది. మొగదానికి అది ఉండదు. గొట్టాన్ని ఇంకో వైపు తిప్పి చూశాడు. కళ్లు తుడుచుకుని చూశాడు. ఎన్నిసార్లు చూసినా ఆడదే.

ఆ తర్వాత ఒక్కటి కూడా దొరకలేదు. బస్సు పోతుందని రంగమ్మే వచ్చి లేపింది.

అతను కాలేజీకి చేరేసరికి మూడున్నర. సుకన్య మేడం ఆరు పెట్టెల్నీ అట్టపెట్టెల్లో సర్ది తాళ్లు కట్టేసింది. నలభై దాటని మనిషి, జుట్టు ముడేసుకుని, మెడలో తాడుకు చిన్న భూతద్దం. ఏడో పెట్టె మూత తీసి ఆమె ముందు ఉంది. ఆరు పెట్టెల్లో ఒక్క ఈగ కాలు కూడా పోలేదని, ఇట్లాంటి చేతిపని తమ దగ్గర కూడా చూడలేదని ఆమె చెప్తుంటే నరసప్ప తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత గంజి సంగతి చెప్పాడు. ఆమె తిట్టలేదు. పిండి అంటే ఆ పురుగుకు ప్రాణమని, చాలాచోట్ల ఇలాగే పోయాయని నిదానంగా అంది. ఆ తర్వాత అడిగింది.

“మరి అడుగున పొడి ఉండాలి కదా నరసప్ప గారూ. అదెక్కడ?”

“ఊడ్సినా మేడం.”

“ఎక్కడికి?”

అతను కిటికీ చూపించాడు.

ఆమె కిటికీ దాకా పోయి కిందికి చూసింది. ఆ పురుగు మెత్తటిదంతా తింటుందని, మొగ ఈగ తోక చివర కొక్కేలు గట్టివని, తరచుగా వాటిని వదిలేస్తుందని చెప్పింది. పొడిని తెల్లకాగితం మీద పోసి యంత్రం కింద వెతికితే ఒక్క కొక్కెమైనా దొరికేదేమో. సార్ బొమ్మలున్నాయి, దానికి ఆ కొక్కెం తోడైతే చాలేమో. చెప్పి, చెప్పకుండా ఉండాల్సిందని ఆమెకే అనిపించినట్టు ఆగిపోయింది.

నరసప్ప కిటికీ దగ్గరికి పోయాడు. కింద పిచ్చిగడ్డి, పగిలిన కుండీలు, పొద్దుటి నుంచి వీచిన గాలి. అయినా కిందికి దిగిపోయి మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పోచల్ని ఒక్కొక్కటే విడదీసి చూడడం మొదలుపెట్టాడు. ఆమె పైనుంచి పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆఖరుకు యేసేపు వచ్చి జబ్బ పట్టుకుని లేపాడు. “లే అప్పా. మట్టిలో మట్టి, యాడ దొరుకుతాదీ.”

ఆటో వచ్చింది. గొట్టంలో ఆడ ఈగను చూసి, ఇది కూడా అవసరమేనని, పేరు రాకపోయినా లెక్కలో ఉంటుందని మేడం అంది. అయితే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో చీటీ లేకుండా మ్యూజియంలోకి ఏ పురుగునూ తీసుకోరు. సార్‌కు చూపించి, చీటీ రాసి, పోస్టులో పంపమని తన చిరునామా ఇచ్చింది. ఎక్కేముందు, మధ్యాహ్నం తను సార్‌ను చూసి వచ్చానని, ఏడో పెట్టె సంగతి మాత్రం చెప్పలేకపోయానని అంది. ఆటో గేటు దాటింది. గదిలో బల్ల, యంత్రం, డబ్బాల్లో నిలబడ్డ బల్ల కాళ్లు మిగిలాయి.

సార్ ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక. నరసప్పకు అరగంట పట్టింది.

గడప దగ్గర సార్ భార్య నాగవేణమ్మ ఎదురొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. డాక్టరు వచ్చి పోయాడట, ఇంక చుట్టాలకు చెప్పుకోమన్నాడట. ఆమె నరసప్ప చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ పట్టుకోలేదు.

“మొగది పోయిందని సెప్పు నరసప్పా. రైలెక్కిందని సెప్పు. ఆ మాట కోసరమే ఉండాడు.”

“సెప్తానమ్మా” అన్నాడు.

నిజంగానే చెప్పాలనుకున్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చునేదాకా ఆ మాటే నోట్లో పెట్టుకుని ఉన్నాడు. సార్ ఎముకల పోగులా ఉన్నాడు. ఎడమ కన్ను మెల్లగా తిరిగి నరసప్పను పట్టుకుంది. నోరు ఒకవైపే కదిలింది.

“పోయిందా?”

ఇరవై రెండేళ్లుగా ఆ కంటి ముందు ఏ ఈగనూ ఇంకో ఈగ అని చెప్పలేదు నరసప్ప.

“లే సార్” అన్నాడు. “పురుగు తినింది. గంజి పెట్టి అతికించినా సార్, నేనే. మీకు సెప్పలే.”

వెనక నాగవేణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. సార్ పెదవి కదిలింది, నరసప్ప వంగి చెవి దగ్గర పెట్టాడు.

“గంజి నాకు తెలుసప్పా. అతుకు బాగుండె. అందుకే ఏమన్లే.”

నరసప్పకు ఆ మాట ఒళ్లంతా పాకింది. అక్కడితో ఆగిపోవచ్చు. మిగతాది సార్‌కు తెలిసే దారి లేదు.

“పొడి గూడా ఊడ్సేసినా సార్. కొక్కేలు అందులో ఉండెనంట.”

సార్ కన్ను మూసుకున్నాడు. రెప్ప కింద కంటిగుడ్డు కదులుతోంది, అంతే. నరసప్ప సంచిలోంచి గాజుగొట్టం తీసి, ఏం చేయాలో తెలీక, సార్ ఎడమచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. ఆడది సార్ అన్నాడు. ఇవాళ పట్టినా అన్నాడు.

“మోకాళ్లు?” అన్నాడు సార్, కన్ను తెరవకుండానే.

“పసుపే సార్. రెక్కన మచ్చ ఉంది.”

“యాడ?”

“మాధవరమే. బెండచెట్ల మింద.”

కన్ను తెరుచుకుంది. “బెండ” అన్నాడు. ఇంతకాలం పత్తిలోనే వెతికారు వాళ్లిద్దరూ. సార్ ఆ మాటను లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు రెండు మూడు సార్లు ఊపిరి తీసి, “రాయి” అన్నాడు.

నరసప్ప తలవైపున్న మేజా మీద చీటీల కాగితం, సన్నపాళీ కలం తీసుకున్నాడు. గోరంత ముక్క కత్తిరించాడు. మాధవరం, బెండ అని రాశాడు. కింద తేదీ రాశాడు. మూడో వరుసలో పట్టినవాళ్ల పేరు రావాలి. వేల చీటీల మీద రాసిన అలవాటుకు సార్ పేరు మొదలుపెట్టడానికి కలం ఆనించాడు. మంచం మీద నుంచి గొంతులో గురక లాంటి చప్పుడు వచ్చింది. తలెత్తి చూశాడు. సార్ తల అడ్డంగా ఊపుతున్నాడు.

“నీది రాయప్పా.”

కలం ఆనించినచోటే ఉండిపోయింది. అంత చిన్న అక్షరాల్లో తన పేరు అతనెప్పుడూ రాసుకోలేదు. ఎంత చోటు పడుతుందో కూడా తెలీదు. ఒట్టి నరసప్ప అని రాయాలా, ఇంటిపేరు కూడా రాయాలా? అదే అడిగాడు. జవాబు కోసం కాసేపు ఆగి, మళ్లీ అడిగాడు.

గడియారం చప్పుడు వినబడింది. అప్పటిదాకా దానితో పాటు వినబడిన ఊపిరి లేదు. నాగవేణమ్మ మంచం కాళ్ల దగ్గర నెమ్మదిగా కూర్చుండిపోయింది. నరసప్ప సార్ వేళ్లు విప్పి గొట్టం తీసుకున్నాడు. ఒక్క వేలికి కూడా నొప్పి తగలనట్టు విప్పాడు.

వాకిట్లో మనుషులు చేరడం మొదలయ్యాక అతను లేచి బయటికి పోయాడు. మేజా మీద గోరంత కాగితం ముక్క ఒకటి మిగిలింది. దాని మీద నువ్వుగింజకన్నా చిన్న అక్షరాల్లో ఊరు, చెట్టు, తేదీ ఉన్నాయి. మూడో వరుస మొదట్లో కలం ఆగిన చోట ఒక సిరా చుక్క పరుచుకుని ఆరిపోయింది, ఆ తర్వాతదంతా ఖాళీ.